మూడు ముక్కల గొంతు

గిజ్దువాన్,
నవ్రూజ్ పండగ వెళ్లిన వారం

నా బంగారు మునిరాకి,

ఈ కాగితం పట్టుదారం కండెల మధ్య చేతికి తగలగానే నువ్వు నవ్వుతావని తెలుసు. తాష్కెంట్‌లో ఊరందరి ఫోన్లూ బాగుచేసే కొట్లో కూర్చున్నదానికి సిరాతో ఉత్తరమేమిటి, దీనికేం పోయేకాలం అనుకుంటావు. నవ్వుకో తల్లీ. అయ్యాక కొట్టు తలుపు దగ్గరగా వేసి చదువు. మనసులోనే చదువు. హాస్టల్లో అందరి ఉత్తరాలూ మంచమెక్కి పైకి చదివిన నోరు నీది.

ఫోనులో రాయకపోవడానికి కారణం ఉంది. నా ఫోను నాది కాదు. పెళ్లి పళ్లేల్లో శాలువలకీ మిఠాయిలకీ మధ్య కూర్చుని వచ్చిందది, అత్తవారి తరఫున. అత్తమ్మ ఎప్పుడు పడితే అప్పుడు తీసి చూస్తుంది. దొంగచాటుగా కాదు, దర్జాగా, పిండి చేతులతో. ఈ నిగీనా ఎవరు, ఇంతసేపు ఏం రాస్తుంది అని అడుగుతుంది, హాస్టల్ స్నేహితురాలని నేను చెబుతాను. వద్దనడం నాకు చేతకాదు. మన అమ్మలు మనకి ఎన్ని రకాల కుట్లు నేర్పారో లెక్కలేదు గాని మాట మాత్రం ఒక్కటే నేర్పారు. ఖోప్. అంటే సరే. లేవమంటే ఖోప్, వండమంటే ఖోప్, నోరు మూసుకోమన్నా ఖోప్. కోడలి గొంతులోంచి ఇంకో మాట వస్తే గోడలు కూలతాయని వాళ్ల భయం.

ఇక సంగతికి వస్తాను. పెళ్లయినప్పటినుంచీ ఎల్యోర్ వసంతం రాగానే రష్యాలో యెకటెరిన్‌బర్గ్‌కి పనికి వెళ్లి, చలి ముదిరాక గాని ఇంటికి రాడని నీకు తెలుసు. మాకు పిల్లల్లేరనీ తెలుసు. నేను ఎక్కని డాక్టరు గుమ్మం లేదు, తాగని కషాయం లేదు, మొక్కని దర్గా లేదు. నీకు తెలియంది ఒకటుంది. పోయిన శరదృతువులో ఆయన అక్కడే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి చూపించుకున్నాడు. బయటికొచ్చి, వీధిలో నిలబడి, నాకు గొంతు రికార్డు చేసి పంపాడు. సాయంత్రానికి భయపడి దాన్ని చెరిపేశాడు. ఇద్దరి దగ్గరా పోయిందనుకున్నాడు. నేను అప్పటికే దాన్ని విడిగా దాచుకున్నాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. ఆయన ఏడుపు అందులో ఉంది, పారెయ్యడానికి చేతులు రాలేదు.

చలికాలం ఇంటికొచ్చాక నా చేత రొట్టె పట్టించి ఒట్టు వేయించుకున్నాడు, అందులో ఉన్న సంగతి బతికున్న ఏ మనిషికీ చెప్పనని. రొట్టె మీద ఒట్టు తప్పితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నీకూ చెప్పను. ఇంతమట్టుకు చెబుతాను. మా ఇంట్లో ఉయ్యాల ఎవరి వల్ల ఊగలేదో ఆ గొంతు చెబుతుంది. ఎవరి వల్లో మాత్రం నా నోట రాదు. నువ్వు నాకంటే తెలివైనదానివి.

ఇప్పుడు ఈ గొంతుతో పనిపడింది మునిరా. రాబోయే బక్రీదు పండగ వెళ్లగానే నన్ను పుట్టింటికి పంపెయ్యాలని అత్తమ్మ నిశ్చయించుకుంది. నాతో చెప్పలేదు, నాకు వినబడేలా పక్కింటావిడతో చెప్పింది. ఎల్యోర్‌కి వేరే సంబంధం కూడా చూస్తోంది. కన్నెపిల్ల కాదట, ఇద్దరు పిల్లలున్న వితంతువట. అదేం విడ్డూరమో నాకు అర్థం కాలేదు. అర్థమైంది నా సంగతే. గొడ్రాలన్న పేరు మోసుకుని ఈ గుమ్మం దిగితే ఆ పేరు నాతోపాటు గోతిలోకి కూడా వస్తుంది. మన హాస్టల్ జెబో కొడుకు ఊయల పండగకి వెళ్లానా, పిల్లాణ్ణి ఊయల్లో పడుకోబెట్టే చోటికి నన్ను రానివ్వలేదు. జెబో అత్త నన్ను గుమ్మం పక్కన కూర్చోబెట్టి, ఇక్కడ గాలి బాగా వస్తుందిలే అంది. జెబో తల వంచుకుంది. నేను గాలి పీల్చుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు నాకు చచ్చిపోవాలనిపించింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నిజం చెబితే ఒట్టు తప్పినదాన్నవుతాను, పైగా మొహల్లాలో మొగాళ్లు ఆయన్ని బతకనివ్వరు. చెప్పకపోతే నేను పోతాను. కక్కలేను, మింగలేను. ఆ ఫైలు ఈ ఫోనులో ఉన్నంతకాలం అత్తమ్మ వేలు ఏ రోజు దానిమీద పడుతుందోనని గుండె గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. దాన్ని బయటికి పంపాలి. ఎవరూ వినకూడదు, అయినా పోకూడదు. చివరికి గతిలేక వాడాల్సి వస్తే దొరకాలి.

నాకు తోచిన దారులన్నీ చూశాను. మామూలుగా నీకు పంపేస్తే పంపినట్టు గుర్తు ఉంటుంది, నేను చెరిపేలోగా అత్తమ్మ చూస్తే అంతే సంగతులు. నెట్‌లో దాచుకునే చోటు ఒకటుంది గాని ఆ ఖాతా తెరిచింది ఎల్యోర్, తాళంచెవి ఆయన జేబులో ఉంది. సంగతి చెప్పకుండా జెబోని అడిగితే, చిన్న మెమరీ కార్డులో వేసి పాత చపాన్ కోటు అంచులో కుట్టెయ్యమంది. కుట్టొచ్చు. కాని ఈ ఇంట్లో బట్టలుతికేది నేనైనా, ఏది ఎప్పుడు ఉతకాలో చెప్పేది నేను కాదు.

నాకు ఒక్క ఆలోచనే మిగిలింది. మన సుజానీ దుప్పట్లు గుర్తున్నాయా? సన్నటి పట్టీలు వదులుగా కలిపి కుట్టి, మీద మొత్తం పువ్వంతా గీసి, మళ్లీ విప్పేసి, తలా ఒక పట్టీ ఇచ్చేవారు. ఎవరి పట్టీ వాళ్లం మన మన ఇళ్లల్లో కుట్టేవాళ్లం. నా పట్టీ ఒక్కటే చూస్తే అది పువ్వో మిరపకాయో ఎవరికీ తెలిసేది కాదు. ఈ గొంతుని కూడా అలా మూడు చేసి నీకు, జెబోకి, నిగీనాకి తలా ఒకటి ఇస్తే? ఏ ఒక్కరి చెవినా మొత్తం పడదు. అప్పుడు నేను ఎవరికీ చెప్పినట్టు కాదు కదా? రొట్టె నన్ను క్షమిస్తుంది కదా? నువ్వు నవ్వినా ఫరవాలేదు, ఏది భద్రమో తేల్చి రాయి. దారం కండెల్లోనే పంపు. వాటిని తెచ్చే కారు డ్రైవరుకి ఏమీ చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

నీ
హుల్కర్


గిజ్దువాన్,
చెర్రీ పూలు రాలుతున్న రోజులు

మునిరా, నా ప్రాణమా,

నీ జవాబు దొరికింది. గొంతుని దుప్పటిలా చీల్చే పిచ్చిది ఈ లోకంలో నేనొక్కతినేనని రాశావు. చదివి ఏడుస్తూ నవ్వాను. ఆ తర్వాత పేజీలో, ఆ పిచ్చే మంచి పద్ధతి అని నువ్వే ఒప్పుకున్నావుగా. మనసు నిమ్మళించింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. అత్తమ్మ చావుపలకరింపుకి వెళ్లిన పూట కూర్చుని, నువ్వు చెప్పిన ప్రోగ్రాంతో మూడు ముక్కలు కోశాను. ఒక్కోదానికీ ఒక్కో తాళంమాట పెట్టాను. ఆ మాటలు ఫోనులో ఎక్కడా రాయలేదు, మనకి మాత్రమే తెలిసే ఒక్కో ప్రశ్న గుర్తుగా పెట్టాను. నిగీనాది హాస్టల్ వార్డెన్ పిల్లి పేరు, జెబోది మనం మాడబెట్టిన వంటకం, నీది నువ్వు ఎవరికోసం మొత్తం వసంతం ఏడ్చావో ఆ మహానుభావుడి పేరు. మరిచిపోయానని మాత్రం అనకు. తెరిస్తే ఒక్కసారే తెరుచుకునే లింకులు చేసి పంపాను. తప్పు మాటలు చెప్పి చూసేవాడెవడైనా ఉంటే ముక్క తనంతట తనే చెరిగిపోతుందని, దొంగకి బూడిద కూడా దొరకదని నువ్వు గొప్పలు పోయావే, ఆ ఏర్పాటు కూడా పెట్టాను.

ముగ్గురూ తెరిచి, తమ ముక్క ఉందని చెప్పేదాకా నా దగ్గరున్న అసలుది చెరపొద్దని రాశావు. అడిగాను. ఎర్రదారం అందిందా అని అడుగుతానని ముందే అనుకున్నాం కదా, అలాగే అడిగాను. నువ్వు వెంటనే చెప్పావు. నిగీనా దాని అలవాటు ప్రకారం సోదంతా చెప్పి చివర్న అందిందంది. జెబో ఖోప్ అని ఒక్క మాట పెట్టింది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. అత్తమ్మ చెప్పులు విడుస్తూనే ఫోనెక్కడ అమ్మాయ్, కాస్త ఇలా ఇయ్యి అని కేకేసింది. నేను చెరిపేశాను.

చెరిపిన మరుక్షణం ఒళ్లంతా తేలికయింది, వెంటనే చెప్పలేనంత భయం కూడా వేసింది. ఇన్నాళ్లూ ఆ గొంతు నా నడుముకి కట్టుకున్నట్టుండేది. ఇప్పుడు మూడు ఊళ్లల్లో ఉంది, నా దగ్గర లేదు. నీ ముక్క నువ్వు వినలేదని ఒట్టు వెయ్యకు, నీ సంగతి నాకు తెలుసు. విన్నా ఒంటి ముక్కకి అర్థం లేదులే.

ఇక్కడ రోజులు బిగుసుకుంటున్నాయి. నా పెళ్లి పరుపులు ఎండలో వేయించింది అత్తమ్మ. పుట్టింటికి పంపేముందు పరుపులు ఎండబెడతారు. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరం చెరో కర్రా పట్టుకుని దుమ్ము దులిపాం. ఎల్యోర్ ఫోను చేస్తే వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. అమ్మ ఏమంటోంది అని అడుగుతాడు. ఏమీ అనట్లేదంటాను. అమ్మయ్య అంటాడు మునిరా. ఆ అమ్మయ్య వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

నీ
హుల్కర్


గిజ్దువాన్,
మల్బరీలు పండే వేళ

మునిరా,

ఈ ఉత్తరంలో బంగారం, ప్రాణం ఏమీ లేవు. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం నేనూ అత్తమ్మా మంతీలు చుడుతున్నాం. నేను పిండి వత్తుతున్నాను, ఆమె గుమ్మడికాయ కూరి మడుస్తోంది. ఉన్నట్టుండి, చేతిలో పని ఆపకుండా, ఆ మూడు ముక్కలూ ఎక్కడ పెట్టావే అని అడిగింది. ఏ ముక్కలు అన్నాను. నాతో నాటకాలొద్దు, జెబోకి పంపినదాన్ని ఆ రోజు చావింట్లో కూర్చుని నేనే నొక్కాను అంది. ఏవో మాటలు అడిగిందట. తనకి తెలిసిన మాటలన్నీ చెప్పి చూసిందట, అల్లా పేరుతో సహా. తెరుచుకోలేదట.

నా చేతిలోంచి అప్పడాలకర్ర జారింది. ఆమె లేచి వెళ్లి, తను సీరియళ్లు చూసుకుంటూ ఎక్కడికైనా వెంట తీసుకెళ్లే పాత ఫోను తెచ్చి పిండి పక్కన పెట్టింది. నా నంబరు మొదట ఆ ఫోనులోనే ఉండేదట. సిమ్ము ఆమె పేరు మీదిదే. పెళ్లికి నాకు కొత్త ఫోను కొన్నప్పుడు ఎల్యోర్ ఆ ఖాతాని ఇందులోకి తెచ్చాడు గాని అందులోంచి తియ్యడం మరిచాడు. నాకు వచ్చే ప్రతిదీ, నేను పంపే ప్రతిదీ అక్కడ కూడా దిగుతోంది. ఇన్నేళ్లూ. నేను చెరిపేలోగా ఆమె చదివేసేది. మనం తాళాలు, తాళంమాటలు, చచ్చిపోయే లింకులు అని అంత ఆలోచించాం, నువ్వు అంత చదువుకున్నావు, ఈ ఇంటి కొట్టంలో ఇంకో తలుపు తీసి ఉందేమో చూడమని మనిద్దరిలో ఎవరికీ తోచలేదు.

అంతకంటే పెద్దది విను. శరదృతువులో వచ్చిన ఆ గొంతు నాకంటే ముందు ఆమే విన్నది. నేనప్పుడు ఆవుకి గడ్డి వేస్తున్నానట. విని, ఫోను దిండు కింద పెట్టి, వచ్చి నా మీద అరిచింది, పాలు పొంగిపోతున్నాయి కళ్లు కనబడటం లేదా అని. ఆ రోజు నాకు గుర్తుంది. అంత చిన్నదానికి అంత అరుపెందుకో నాకు అర్థం కాలేదు.

"తెలిసే నన్ను పంపించేస్తున్నారా అత్తమ్మా?" అన్నాను.

"తెలిసే," అంది. "వాడికి ఆ మాట వస్తే ఈ ఊళ్లో తలెత్తుకోలేడు. పిల్లలున్న దాన్ని తెస్తే ఇంట్లో పిల్లలుంటారు, ఇక ఎవరూ ఏమీ అడగరు. నువ్వు చిన్నదానివి, ఇంకొకడు దొరుకుతాడు, నీ కడుపున పిల్లలు పుడతారు. ఇక్కడుంటే ఎండిపోతావు."

ఆ వితంతువు సంగతి అప్పుడర్థమైంది. నాకు జాలి వేసిందో కోపం వచ్చిందో తెలియదు. గొడ్రాలని పేరు పెట్టి పంపిస్తే నాకెవడు దొరుకుతాడు, మనవలున్న ముసలాడా అని అడిగాను. మీ నోటితో ఒక్క మాట, తప్పు నాది కాదని చెప్పి పంపండి, నేను ఏడవకుండా వెళ్తాను అన్నాను. ఆమె మంతీ అంచులు నొక్కుతూనే ఉంది. తన నోటితో తన కొడుకుని చంపుకోమంటావా అంది. ఇద్దరికీ తెలిసిన నిజం మా మధ్య ఆ పిండిపలక మీదే ఉంది. దానివల్ల నాకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. ఇన్నాళ్లూ అది నా చేతిలో ఆయుధం అనుకున్నాను. ఎవరి మీద వాడాలనుకున్నానో ఆమెకి అది ముందే తెలుసు.

మంతీలు ఆవిరికి పెట్టాక ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. ఇంత మెత్తగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఒక్కసారి వినిపించవే. వాడు సాయంత్రానికే చెరిపేశాడు. నాతో మాట్లాడినప్పుడల్లా నవ్వుతాడు, తిన్నానమ్మా, బాగున్నానమ్మా అని. వాడి అసలు గొంతు నాకు ఆ ఒక్కసారే వినబడింది."

నా దగ్గర లేదంటే నమ్మలేదు. అందుకే నిన్న నీకూ నిగీనాకూ జెబోకూ అలా ఫోను చేశాను. ఆమె ఎదురుగానే చేశాను, ఇక దాచేదేముంది. నిగీనా మొదటి ముక్క పంపింది. నువ్వు చివరి ముక్క పంపావు. జెబో ఒక్కసారిగా ఏడ్చింది. దానికి ఆ రోజు లింకు తెరుచుకోనే లేదట. ముక్క చెరిగిపోయిందని వచ్చిందట. తనే ఏదో తప్పుగా నొక్కిందనుకుని భయపడిందట. నేను అందిందా అని అడిగేసరికి పక్కన అత్త ఉంది, నోటికి అలవాటైన మాట పెట్టేసింది, ఆ తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు మునిరా. దాని స్థానంలో ఉంటే నేనూ అదే పెట్టేదాన్ని. నేను దాన్ని అడగాల్సింది అందిందా అని కాదు, అందులో ఏం వినబడింది అని. కోడళ్లని అందిందా అని అడిగితే ఇంకేం చెబుతారు?

అత్తమ్మ చెప్పి చూసిన ఆ తప్పు మాటలే మధ్య ముక్కని తినేశాయి.

ఉన్న రెండు ముక్కలూ వినిపించాను. మొదటిదాంట్లో ఆయన నన్ను తిన్నావా అని అడుగుతాడు, అక్కడ మంచు మొదలైందని, డాక్టరు దగ్గరినుంచి వస్తున్నానని చెబుతాడు. చివరిదాంట్లో, అమ్మకి చెప్పకు, అమ్మ తట్టుకోలేదు అని ఏడుస్తాడు. అత్తమ్మ ఆ చివరిది మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. ఓర్నా తండ్రీ అనుకుంటూ ముసుగు కొంగుతో ముఖం కప్పుకుంది.

కాసేపటికి ముసుగు తీసి, మధ్యది ఏదీ అంది. లేదన్నాను, మీరు నొక్కిందే అది అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నీకెలా చెప్పను. నాకంటే ముందు ఆమెకే అర్థమైంది. సాక్ష్యం పోయింది. రేపు నేను ఊరంతా తిరిగి అరిచినా పిచ్చిదంటారు. ఆమె ఇక దేనికీ భయపడక్కర్లేదు. లేచి, మంతీలు దించు, ఉడికిపోయాయి అని బయటికి వెళ్లిపోయింది.

ఎల్లుండి మా ఇంట్లో గాప్. ఆమె స్నేహితురాళ్లంతా నెలకొకరింట్లో కూడి తిని కబుర్లాడుకునే కూటం, ఈ నెల మా వంతు. మొహల్లాలో ఎవరి పేరు నిలవాలో ఎవరిది పోవాలో తేల్చేది ఆ ముసలమ్మలే. నన్ను పంపుతున్న సంగతి ఆమె అక్కడే చెబుతుంది. వాళ్లకి వడ్డించేదాన్ని నేనే. పరుపులు కట్టేసి ఉన్నాయి.

హుల్కర్


గిజ్దువాన్

ఎల్యోర్ గారికి, హుల్కర్ సలాం.

మీకు కాగితం మీద రాయడం ఇదే మొదలు. ఫోనులో రాస్తే మీకంటే ముందు మీ అమ్మగారు చదువుతారు. నవ్వులాటకి అనడం లేదు, ఆమె పాత ఫోనులో నా ఖాతా పెళ్లినాటినుంచీ తెరిచే ఉంది, మీరే తియ్యడం మరిచారు. మీరు వీధిలో నిలబడి పంపిన ఆ గొంతుని ఆమె ఆ రోజే విన్నారు. నేను ఒట్టు తప్పలేదు. మీ అమ్మకి మీ సంగతి మీరే చెప్పారు, చెప్పినట్టు మీకు తెలియదు, అంతే. మీరు చెరిపేశాక కూడా నేను దాన్ని దాచుకున్నాను, నా ముగ్గురు స్నేహితురాళ్లకి ముక్కలుగా పంచాను. అది నా తప్పే అనుకుంటే అనుకోండి. ఇప్పుడు అది లేదు. మీరు అసలు మాట చెప్పిన భాగం పోయింది, మిగిలినవి చెరిపెయ్యమని వాళ్లకి చెప్పాను. మీకు ఏ భయమూ అక్కర్లేదు.

మొన్న మన ఇంట్లో గాప్ జరిగింది. పలావు సగం తిన్నాక ఖోసియత్ అవ్వ, మీకు తెలుసుగా ఆవిడ నోరు, నన్ను ఎదురుగా పెట్టుకునే మీ అమ్మగారిని అడిగింది, పండగయ్యాక కోడల్ని పంపేస్తున్నావట నిజమేనా సలామత్ అని. ఎండిన కొమ్మకి ఎన్నాళ్లని నీళ్లు పోస్తావులే అని కూడా అంది. నేను అప్పుడు టీ పోస్తున్నాను. గిన్నె పొంగి దస్తర్‌ఖాన్ గుడ్డ మీదికి పోయింది.

మీ అమ్మగారు నా చేతిలోంచి కెటిల్ తీసుకుని కింద పెట్టారు.

"ఎండిన కొమ్మేమిటే ఖోసియత్? నా కొడుకు మంచు కురిసే ఊళ్లో ఇటుకలు మోస్తుంటాడు, నా కోడలు ఇక్కడ నా ఆవుకి గడ్డి వేస్తుంటుంది. పిల్లలు ఎక్కణ్ణుంచి రావాలి, ఫోనులోంచి రాలతారా?"

అందరూ పడీపడీ నవ్వారు. మీ అమ్మగారు నవ్వలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, తప్పంటూ ఉంటే అది తనదే అన్నారు. కొడుకుని సంపాదనకి పంపి, కోడల్ని చాకిరీకి అట్టిపెట్టుకున్నానని, ఈ పిల్లని గొడ్రాలన్న నోరు ఇక తన గుమ్మం తొక్కొద్దని అన్నారు. అక్కడున్న ప్రతి ముసలమ్మకీ రష్యాలో ఒక కొడుకున్నాడు. ఖోసియత్ అవ్వ చేతిలో ముద్ద దించి, మా ఇంట్లోనూ ఇదే కథ కదూ అంది. సాయంత్రానికి ఆ మాట మొహల్లా అంతా పాకింది. మర్నాడు జెబో అత్త కబురు పంపింది, వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లమని.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషం కొంతే, ఎక్కువ కోపం. నా చేతిలో ఇక ఆమెని అడ్డుకునేదేమీ లేనప్పుడు, ఎవరూ బలవంతపెట్టనప్పుడు ఆ మాట అన్నారు, అందుకు ఆమె పాదాలు కళ్లకద్దుకుంటాను. కాని ఆ మాట ఇన్నేళ్లూ ఆమె నోట్లోనే ఉంది. మీ పరువూ పోలేదు, నా పేరూ నిలిచింది. దానికి ఏ గొంతూ, ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. మీరు కూడా అనగలిగిన మాటే అది. పండక్కి ఇంటికొచ్చి, పదిమందిలో, నేనిక్కడ లేనిదే పిల్లలెలా పుడతారయ్యా అని నవ్వుతూ అంటే సరిపోయేది.

గిన్నెలు కడిగాక ఆమె నా పక్కన కూర్చుని ఉండిపొమ్మన్నారు. పరుపులు తనే విప్పుతానన్నారు. ఉండనని చెప్పాను. ఆమె ఎందుకని అడగలేదు, తల నిమిరారు. మునిరా దగ్గరికి తాష్కెంట్ వెళుతున్నాను. అక్కడ సుజానీలకి బొమ్మలు గీసే పని దొరికింది.

మీ రోగం వల్ల వెళుతున్నానని అనుకోకండి. పిల్లల్లేకుండా మీతో బతకడానికి నేను ఆ గొంతు విన్న రోజే సిద్ధపడ్డాను. ఆ సాయంత్రం మళ్లీ ఆవుకి గడ్డి వేస్తూ నిర్ణయించుకున్నాను, మనిద్దరం చాలని. ఉంటావా హుల్కర్ అని మీరు అడిగుంటే ఉంటానని చెప్పేదాన్ని. మీరు అడగలేదు. ఆ చివరి ముక్కలో, అమ్మకి చెప్పకు అన్నాక మీరు ఇంకొకటి అన్నారు. మీకు గుర్తుందో లేదో. "అమ్మ నిన్నేమన్నా ఊరుకో. నువ్వు గట్టిదానివి." మీ అమ్మగారు దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుని విన్నప్పుడు నాకూ మళ్లీ మళ్లీ వినబడింది. మీ అమ్మ తట్టుకోలేదన్నారు, మీరు తట్టుకోలేరని నేనే అనుకున్నాను, మిగిలింది నేనే. నేను గట్టిదాన్ని కానండీ. నన్ను ఎవరూ అడగలేదు, అందుకని అలా కనబడ్డాను.

రావాలనిపిస్తే తాష్కెంట్‌కి రండి, తలుపు తీస్తాను. కాని ముందు గిజ్దువాన్‌లో దిగండి. మీ అమ్మగారికి సంగతి తెలుసు, అయినా మీ నోటితో మీరు చెబుతారేమోనని శరదృతువు నుంచీ ఎదురు చూస్తున్నారు.

హుల్కర్